మురుగు గొట్టం ఎక్కడ పూడినదో కనిపెట్టుట

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము లెక్క పుస్తకాలతోపాటు కేంద్రం వెనుక మురుగు గొట్టాన్ని కూడ చూస్తాము. కడుగునీరు నిలిచిన చోట ఈగలు ముసురుతాయి. ఆ వాసన పాలకు పట్టుతుంది. గొట్టం పూడిందనగానే పలుగు పుచ్చుకొని దొడ్డంతా తవ్వించుట కొన్ని సంఘాలలో అలవాటు. ఆ కూలి పడేది సభ్యుల డబ్బుమీదనే కదా! ముందు చోటు తెలిసికొనవలెను.

మొదట గొట్టం మురుగు కాలువలో కలిసే చోటు చూడండి. 4 అంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు వాలు ఉండాలని పాత లెక్క. మన డెల్టాలో అంత వాలు దొరకడం కష్టం. వానాకాలంలో యనమదుర్రు వంటి డ్రెయిన్లు నిండితే వాటిలో కలిసే చిన్న కాలువలు కూడ ఎగదన్నుతాయి. గొట్టం చివర మునిగి, ఛాంబర్లన్నిటిలోను నీరు కాలువ మట్టానికే నిలుస్తుంది. అది పూడిక కాదు. ఎంత పొడిచినా లాభం లేదు.

గొట్టం చివర తేలి ఉన్నా నీరు పోకుంటే ఛాంబర్ల మూతలు తెరవండి. నిండిన ఛాంబరుకు, దాని దిగువన ఖాళీగా ఉన్న ఛాంబరుకు నడుమనే అడ్డు ఉన్నది. ఖాళీ ఛాంబరు గట్టున పక్కగా నిలబడి, ఎగువకు పొడవాటి వెదురు బద్ద పోనివ్వండి. ఆగినచోట గుర్తుపెట్టి, బయటకు లాగి, ఆ కొలత నేలమీద పరవండి. బద్ద చివర చూడండి: తెల్లని జిడ్డయితే వెన్న, నల్లమట్టి అయితే గొట్టం పగిలినట్లు, పీచయితే చెట్టు వేరు. మన కేంద్రాలలో వెన్నే ఎక్కువ అనుమానించవలసినది. వేడినీటికి కరిగి గది దాటి, చల్లారినచోట గొట్టానికి పట్టుతుంది. గది తూములో ఎంత గెలికినా అది అందదు.

ఛాంబరులోకి మనిషిని మాత్రం దింపరాదు, దగ్గర బీడీ వెలిగించరాదు. కుళ్ళిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడు పుడుతుంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. దిగినవాడు పడిపోతే, తీయబోయినవాడూ పడిపోతాడు. మురుగు గోతుల ప్రమాదకరమైన పనికి మనుషులను పెట్టుట 2013 నాటి చట్టం ప్రకారం నేరము. అటువంటి మరణానికి పరిహారం 30 లక్షల రూపాయలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

వెదురుకు లొంగని అడ్డయితే పంచాయతీవారిని అడిగి యంత్రం తెప్పించండి. వారు వచ్చువరకు గుర్తుపెట్టిన బద్దను పొయ్యిలో పెట్టకండి.