కీళ్లవాతంలా కనిపించే ఎముకల జబ్బు

చిన్నపిల్లల వేళ్ల కణుపులు లావైతే తల్లిదండ్రులు కీళ్లవాతం అనుకుంటారు. నిజం చెప్పాలంటే వైద్యులం మేము కూడా ఒక్కోసారి అలాగే పొరబడతాము. అలా పొరబడేలా చేసే అరుదైన వంశపారంపర్య జబ్బు ఒకటుంది. దాని పేరు ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, లక్షణాలు గుర్తుంచుకోండి.

పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. సాధారణంగా 3 నుండి 8 ఏళ్ల మధ్య నడకలో తేడా వస్తుంది, త్వరగా అలసిపోతుంది. క్రమంగా కణుపులు లావై పిడికిలి బిగించలేదు, వేళ్లు పూర్తిగా చాపలేదు. తుంటి, మోకాళ్లు బిగుసుకుంటాయి. వెన్ను వంగి ఎత్తు తగ్గుతుంది. తెలివితేటలకు ఏ లోటూ ఉండదు.

కీళ్లవాతంలో వాపు మెత్తగా, తరచు వెచ్చగా ఉంటుంది. ఇక్కడ నొక్కితే గట్టిగా తగులుతుంది, ఎందుకంటే లావైనది ఎముక చివరే. రక్తపరీక్షలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. సాధారణంగా పెరగవు. చేతి ఎక్స్‌రేలో వేళ్ల ఎముకల చివరలు వెడల్పుగా కనబడతాయి గాని కీళ్లవాతంలో లాగా కొరికినట్టు ఉండవు. అసలు గుట్టు వెన్నుపూసల్లో ఉంటుంది. పక్కనుండి తీసిన ఎక్స్‌రేలో అవి అణిగి, బల్లపరుపుగా, అంచులు గరుకుగా కనిపిస్తాయి. చేతి ఫిల్ము ఒక్కటే చూస్తే ఇది తెలియదు. తుంటి ఎక్స్‌రేలో కీలు సందు ఇరుకవుతుంది.

మృదులాస్థికి అవసరమైన సి.సి.ఎన్.6 అనే జన్యువులో లోపమే దీనికి కారణమని 1999లో కనుగొన్నారు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు ప్రతులూ అందితేనే బిడ్డకు జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. కోడలి వైపు నుండే వచ్చిందని నిందించడం మాత్రం శుద్ధ తప్పు.

దీనిని నయం చేసే మందు లేదు. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు పనిచేయవు. పైగా ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లు ఎముకలను బలహీనపరచి ఎదుగుదలను ఇంకా తగ్గిస్తాయి. అయితే ఇది చదివి మాత్రలు ఒక్కసారిగా ఆపవద్దు, అది ప్రాణాపాయం. వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించాలి. వ్యాయామ చికిత్స, ఈత మేలు చేస్తాయి. నొప్పికి మాత్రలున్నాయి. తుంటి బాగా అరిగితే కొందరికి యుక్తవయసులోనే కీలుమార్పిడి అవసరమవుతుంది.

మీ బిడ్డ చాలాకాలంగా కీళ్లవాతం మందులు వాడుతున్నా గుణం లేదా? వెన్ను ఎక్స్‌రే తీయించారా అని అడగండి. వచ్చేటప్పుడు పాత ఫిల్ములన్నీ తీసుకురండి.