రోడ్డు కింద దారి

అత్తా కోడలూ కూరగాయల గంపలతో సంతకు బయలుదేరారు. పెద్ద రోడ్డు అడ్డం వచ్చింది. లారీలు, కార్లు జోరుగా పోతున్నాయి. అత్త రోడ్డు మీదుగా దాటబోయింది.

"ఆగండి అత్తయ్యా! ఆ బోర్డు చదవండి" అంది కోడలు.

అత్త ఈ మధ్యే చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది.

"అం-డ-ర్-పా-స్. చదివాను గానీ, అర్థం కాలేదే!"

"అండర్ అంటే కింద. పాస్ అంటే దాటిపోవడం. రోడ్డు కింద నుంచి దాటే దారి అన్నమాట. రైలు పట్టాల కింద కూడా ఇలాంటివి కడతారు."

"మరి బస్సు పాసో?"

"అది ప్రయాణానికి ఇచ్చే చీటీ. మాట ఒకటే, అర్థం వేరు."

ఇద్దరూ నవ్వుకుంటూ అండర్‌పాస్‌లోకి దిగారు. పైన బండ్లు పోతున్నాయి. కింద వీళ్ళు భయం లేకుండా నడిచారు.

"ఇక్కడ బురదగా ఉందేం?" అంది అత్త.

"నీరు పల్లమెరుగు కదా! వానొస్తే ఇక్కడే చేరుతుంది."

కోడలు చెప్పింది నిజం. 2023 మే 21న బెంగళూరులో పెద్ద వాన కురిసింది. కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నీరు నిండింది. ఒక తెలుగు కుటుంబం ఎక్కిన కారు అందులో చిక్కుకుంది. ఆ కుటుంబంలోని యువతి చనిపోయింది.

నిలిచిన నీటి లోతు పైకి కనిపించదు. నడిచేవారైనా, బండి మీద పోయేవారైనా అందులోకి దిగకూడదు. వెనక్కి తిరగాలి. ఆలస్యమైనా ప్రాణం దక్కుతుంది.

"మన పిల్ల బడికి ఈ దారినే పోతుంది. ఈ సంగతి ఇవాళే చెప్పాలి" అంది అత్త.