జ్ఞాపక పుటలు - వాని లెక్క తప్పిన విధము

విద్యార్థులారా! పుస్తకమునకు పుటలున్నట్లే కంప్యూటరు జ్ఞాపకమునకును పుటలు కలవు. సామాన్యముగా ఒక్కొక్క పుట 4096 బైట్ల పరిమాణము గలది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపి యందలి ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును. ‘తెలుగు’ అను మాటలో త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అని 6 సంకేతములున్నవి. కావున దానికి 18 బైట్లు కావలెను. అట్టి మాటలు ఒక పుటలో 227 పట్టి, 10 బైట్లు మిగులును.

ఏ పనికి ఏ పుట నీయవలెనో నిర్ణయించునది ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డుననుండు కెర్నెల్. అది పుటల పట్టికలను వ్రాసి ఉంచును. పట్టికయు ఒక పుటయే. అందు ఒక్కొక్కటి 8 బైట్ల చొప్పున 512 పద్దులుండును. ప్రతి పద్దులోను ఒక పుట చిరునామాయు, దానిని చదువవచ్చునా, దానిపై వ్రాయవచ్చునా అను విషయములను దెలుపు గుర్తులును ఉండును.

నేడు ఒకే పెద్ద యంత్రమును పలువురకు పంచి ఇచ్చు పద్ధతి వ్యాపించినది. 2022 నవంబరులో హైదరాబాదున అమెజాన్ సంస్థ తెరచిన కేంద్రము ఇట్టిదే. అచ్చటి యంత్రములలో ‘అతిథులు’ అనబడు కంప్యూటర్లు పెక్కు నడచును. ప్రతి అతిథికిని తన కెర్నెల్ వేరు. యంత్రమంతయు తనదే యని అది తలచును. వీరందరిపైని అధికారి హైపర్‌వైజర్. మన గుడియాత్తం తాలూకాలో ప్రతి గ్రామమునకును సర్వే నంబరు 1 ఉండునుగదా! గ్రామము పేరు చెప్పనిచో ఆ భూమి ఎచ్చటిదో తెలియదు. అట్లే ప్రతి అతిథికిని 1వ పుట యుండును. అది నిజముగా ఏ చోటనున్నదో హైపర్‌వైజర్ లెక్కలోనే తేలును. ఆ లెక్క తప్పినచో ఒకరి బ్యాంకు ఖాతా, మరియొకరి వైద్యపు చీటి పరుల కంటబడును.

ఇట్లు తప్పిన సందర్భ మొకటి వివరించెదను. జెన్ అను హైపర్‌వైజర్ ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పుట్టినది. దానిని గూర్చిన ప్రసిద్ధ వ్యాసము 2003లో వెలువడినది. అందలి తొలి పద్ధతిలో అతిథి తన పుటల పట్టికను చదువవచ్చును గాని స్వయముగా దిద్దరాదు. దిద్దవలసినపుడు హైపర్‌వైజర్‌ను కోరవలెను. అది పద్దును పరీక్షించి, తగినదైనచో తానే వ్రాయును.

ప్రతిసారి పూర్తిగా పరీక్షించుటకు కాలము పట్టును. అందుచేత చిరునామా మారక, కొన్ని గుర్తులు మాత్రమే మారినపుడు పరీక్ష లేకయే అంగీకరించు దగ్గరిదారి నొకటి ఏర్పరచిరి. ఇందు తప్పేమియు లేదు. కాని తరువాత పెద్ద పుటల వసతిని చేర్చిరి. 512 చిన్న పుటలు కలిసి 2 మెగాబైట్ల పెద్ద పుట యగును. రెండవ అంతస్తు పట్టికలోని పద్దునకు ‘పెద్ద పుట’ గుర్తు పెట్టినచో, ఆ చిరునామా ఇక పట్టికది గాక ఆ పెద్ద పుటదే యగును. ఈ గుర్తును, వ్రాయుటకు అనుమతి నిచ్చు గుర్తును దగ్గరిదారి లెక్కలోనికి తీసికొనలేదు.

దాని ఫలమేమి? అతిథి మొదట న్యాయమైన పద్దునే చూపి ఒప్పించుకొనును. పిదప చిరునామాను కదలింపక ఆ రెండు గుర్తులను మాత్రమే మార్చును. పరీక్ష జరుగదు. ఆ చోటు మొదలుకొని 2 మెగాబైట్లును, అందున్న పట్టికతో సహా, అతిథి చేతికి వచ్చును. పట్టికను తానే వ్రాసికొనగలవానికి యంత్రమంతయు వశమే. పట్టాలో పేరు దిద్దించుకొన వచ్చినవాడు విస్తీర్ణపు గడిని కూడ దిద్దుకొని పోయినట్లయినది.

2009లో వెలువడిన 3.4వ కూర్పు మొదలుకొని ఈ దోషముండెను. చైనాలోని అలీబాబా సంస్థకు చెందిన పరిశోధకుడు దీనిని కనుగొనెను. 2015 అక్టోబరు 29న దోషమును, దాని సవరణను లోకమునకు తెలిపిరి. సవరణ కొలది పంక్తులదే: ఆ రెండు గుర్తులు మారినచో పూర్తిగా పరీక్షింపవలెను, పెద్ద పుటల వసతిని కోరనిచోట ఆ గుర్తునే నిషేధింపవలెను.

కథ ఇంతటితో ముగియలేదు. 2016 జూలై 26న అదే దగ్గరిదారిలో మరియొక దోషము బయటపడినది. నిరపాయమని ఎంచిన గుర్తులలో కొన్ని నిరపాయములు కావు. ఈసారి వారు పద్ధతినే మార్చిరి. అంతకుముందు ‘ఇవి మారినచో పరీక్షింపుము’ అని అపాయకరములను వరుసగా వ్రాసిరి. మరచినదెల్ల లోనికి చొరబడెను. ఇప్పుడు ‘ఇవి మారినచో మాత్రమే విడిచిపెట్టుము, తక్కినవన్నియు పరీక్షింపుము’ అని వ్రాసిరి. మరచినది ఇక పరీక్షకే వచ్చును. కొంత ఆలస్యమగును గాని హాని లేదు.

మొదటి సవరణ రంధ్రమును పూడ్చినది. రెండవది గోడను తిరిగి కట్టినది. గణితములోగాని వ్యాకరణములోగాని ఒక తప్పు దిద్దునపుడు, ఆ జాతి తప్పు మరల ఏ దారిన రాగలదో విచారించుట నిజమైన దిద్దుబాటు.

తలిదండ్రులకు ఒక మాట. ఈ విద్య తెలుగు మాధ్యమపు పిల్లలకు అందనిదని తలపవలదు. జెన్ మూలపాఠమును ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. అందలి ఆజ్ఞలు ఆంగ్ల లిపిలోనుండును గాని, పైన మనము నడచిన తర్కమంతయు తెలుగులోనే సాగినదిగదా! ఆంగ్లమును తరువాత నేర్వవచ్చును. ‘ఏది పరీక్షింపక విడిచితిమి?’ అని అడుగు అలవాటు ఇప్పుడే, ఇంటి భాషలోనే పట్టుబడవలెను.

అభ్యాసము

1. 512 చిన్న పుటలకు మొత్తము బైట్లెన్ని?
2. మీ పేరును సంకేతములుగా విడదీసి, దానికి ఎన్ని బైట్లు పట్టునో లెక్కింపుడు.
3. అపాయకరములను నిషేధించుటకును, నిరపాయములను మాత్రమే అనుమతించుటకును భేదమేమి? మీ బడి గ్రంథాలయపు నియమములలో ఒకదానిని ఉదాహరణముగా తీసికొని వ్రాయుడు.