జెండా దిమ్మ పక్కన బాటిల్ పామ్



వార్షికోత్సవ సంచికకు మీకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసి ఇమ్మని వార్డెన్ గారు అడిగారు. దేని గురించి రాయాలా అని ఆలోచిస్తే మన హాస్టల్ ఆవరణలో జెండా దిమ్మ పక్కనున్న చెట్టు గుర్తొచ్చింది. మీరు రోజూ ప్రార్థనకు నిలబడేది దాని ఎదురుగానే. అన్నం తిని కంచాలు కడుక్కుని వచ్చి కబుర్లు చెప్పుకునేది దాని పక్కనే. దాని పేరు బాటిల్ పామ్. దాన్ని నాటిన రోజున నేను ఏడో తరగతి చదువుతున్నాను. ఇప్పుడు డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఆ చెట్టు గురించి నాకు తెలిసిన విషయాలను, దాని దగ్గర నేను చేసిన రెండు తప్పులను కూడా ఈ వ్యాసంలో మీకు చెబుతాను.

చెట్టు పరిచయం

బాటిల్ పామ్ మన తాటి, కొబ్బరి, ఈత చెట్లకు చుట్టమే. ఇవన్నీ అరెకేసి కుటుంబానికి చెందిన ఏకదళబీజ మొక్కలు. దీని శాస్త్రీయ నామం హయోఫోర్బి లాజెనికాలిస్. లాజెనికాలిస్ అంటే సీసాలాంటి కాండం కలది అని అర్థం. పేరుకు తగ్గట్టే కాండం అడుగున లావుగా ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. దాని పైన మట్టల అడుగు భాగాలు ఒకదానినొకటి చుట్టుకుని ఆకుపచ్చని తొడుగులా ఉంటాయి. తలమీద ఒకేసారి నాలుగు నుంచి ఎనిమిది మట్టలు మాత్రమే ఉంటాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

ఆ ఉబ్బిన కాండంలో నీళ్ళు నిల్వ ఉంటాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అది దాని ఆకారం మాత్రమే. కాబట్టి "నీళ్ళు దానిలోనే ఉన్నాయిలే" అని ఎండాకాలంలో వదిలేయకూడదు.

మరో పొరపాటు కూడా జరుగుతుంటుంది. మన వైపు రోడ్ల పక్కన, కళాశాలల ముందు తెల్లని స్తంభాల్లా బారుగా నాటే రాయల్ పామ్‌ను కూడా కొందరు బాటిల్ పామ్ అనే పిలుస్తారు. అది కరీబియన్ ప్రాంతపు చెట్టు. అరవై అడుగులు కూడా పెరుగుతుంది. మన చెట్టు పెరటిలో సాధారణంగా పది పన్నెండు అడుగుల దగ్గర ఉంటుంది. స్పిండిల్ పామ్ అని ఇంకొకటి ఉంది. దాని కాండం నడుమ భాగంలో లావుగా, నూలు కదురులా ఉంటుంది. నర్సరీలో కొనేటప్పుడు ఈ మూడింటి తేడా తెలిసి ఉండాలి.

పుట్టిల్లు ఎక్కడ?

మన వార్డెన్ గారు వనమహోత్సవానికి ఈ మొక్కలను కడియం నర్సరీ నుంచి తెచ్చారు. చాలా ఏళ్ళు నేను దీని ఊరు కడియమే అనుకున్నాను. అసలు పుట్టిల్లు అక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రంలో ఉంది.

మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో మారిషస్ దేశం ఉంది. 19వ శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ మనుమలు, మునిమనుమలు అక్కడ ఉన్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఆ మారిషస్‌కు ఉత్తరాన ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. అగ్నిపర్వతం వల్ల ఏర్పడిన దీవి అది. వైశాల్యం రెండు చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మన మండలంలో ఒక పెద్ద గ్రామం పొలమంత కూడా లేని ఆ దీవే బాటిల్ పామ్ సహజంగా పెరిగే చోటు.

పెద్ద చెట్లు ఉన్నాయి, పిల్ల మొక్కలు లేవు

19వ శతాబ్దంలో ఆ దీవి మీద మేకలను, కుందేళ్ళను వదిలారు. అంతకుముందు అక్కడ గడ్డి మేసే క్షీరదాలు ఏవీ లేవు. పెద్ద చెట్ల తలలు మేకలకు అందవు. కానీ గింజ మొలిచి రెండు ఆకులు వేసిందంటే చాలు, మేకో కుందేలో దాన్ని కొరికేది. చెట్లు పూసేవి, కాసేవి, గింజలు రాలేవి. మొక్క మాత్రం బతికేది కాదు. నేలమీద పచ్చదనం పోవడంతో వానకు మట్టి కొట్టుకుపోయి రాయి తేలింది. ముసలి చెట్లు ఒక్కొక్కటే తుపానులకు పడిపోయాయి. చివరికి దీవి మీద పెద్ద బాటిల్ పామ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

మారిషస్ ప్రభుత్వం, ప్రకృతి సంరక్షణ సంస్థలు పూనుకుని 1979 నాటికి మేకలను తొలగించాయి. కుందేళ్ళను పూర్తిగా లేకుండా చేయడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. న్యూజిలాండ్‌కు చెందిన డాన్ మెర్టన్ ఆధ్వర్యంలో 1986లో ఆ పని ముగిసింది. ఆ తరువాత అంతకుముందు నిలవని పిల్ల మొక్కలు నేలమీద నిలబడటం మొదలైంది. నర్సరీల్లో పెంచిన మొక్కలను కూడా తీసుకెళ్ళి నాటారు.

ఒక జాతి అంతరించడమంటే చెట్లన్నీ ఒక్కరోజే నరికివేతకు గురవడం అని మనం అనుకుంటాం. పెద్దవి పచ్చగా నిలబడి ఉండగానే పిల్లలు దక్కకపోతే జాతి ఆగిపోతుంది. దీన్ని మీరు పరీక్షల కోసం కాకపోయినా గుర్తుంచుకోండి.

ఇదే ప్రజాతిలో మరొక జాతి పరిస్థితి ఇంకా దారుణం. హయోఫోర్బి అమారికాలిస్ అనే చెట్టు ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్కటి మిగిలింది. అది మారిషస్‌లోని క్యూర్‌పిప్ పట్టణపు వృక్షోద్యానవనంలో ఉంది. అది పూస్తుంది. కానీ దాని మగపూలు, ఆడపూలు ఒకే సమయంలో విచ్చుకోవు. గింజలు పట్టినా మామూలుగా మొలకెత్తలేదు. ప్రయోగశాలలో పిండాన్ని పెంచి మొక్క చేసినా, బయటికి తెచ్చాక నిలవలేదు. బాటిల్ పామ్‌కు ఆ గతి పట్టకపోవడానికి ఒక ముఖ్య కారణం, దాన్ని చూసి ముచ్చటపడి అనేక దేశాలవాళ్ళు ఇళ్ళ ముందు పెంచుకోవడం.

నా మొదటి తప్పు: చెట్టు మీద అక్షరం

తొమ్మిదో తరగతిలో నేను కాంపాస్ మొనతో చెట్టు కాండం మీద నా పేరు మొదటి అక్షరం చెక్కాను. కొన్నాళ్ళకు మానిపోతుందిలే అనుకున్నాను. వేప, చింత చెట్లకు గాటు పడితే అంచుల నుంచి కొత్త బెరడు వచ్చి మూసుకుంటుంది. ద్విదళబీజ వృక్షాల కాండంలో కాంబియం అనే పొర ఏటేటా కొత్త కణాలను తయారుచేస్తుంది కాబట్టి అది సాధ్యం. తాళజాతి చెట్లలో ఆ పొర లేదు. తగిలిన గాయం తగిలినట్టే ఉండిపోతుంది. దానిలోంచి బూజు తెగుళ్ళు, పురుగులు లోపలికి పోయే ప్రమాదం కూడా ఉంది.

కిందటేడు పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు చూశాను. నా అక్షరం అలాగే ఉంది. మీలో ఎవరో దాని పక్కనే మరో అక్షరం చెక్కారు. దయచేసి ఇక ఆపండి. మేకులు కొట్టడం, జెండా పండుగకు తోరణాల కోసం ఇనుప తీగ బిగించడం కూడా మానండి.

తాళజాతి చెట్టుకు ప్రాణం మొవ్వులో ఉంటుంది. బాటిల్ పామ్‌కు కొమ్మలు ఉండవు, ఎదిగే చోటు తలమీద ఒక్కటే. ఆ మొవ్వు కుళ్ళినా, పురుగు తిన్నా చెట్టు మళ్ళీ చిగురించదు.

నా రెండో తప్పు: నేను చంపిన చెట్టు

మీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. వార్డెన్ గారు తెచ్చింది ఒక మొక్క కాదు, రెండు. జెండా దిమ్మకు అటొకటి ఇటొకటి నాటాం. కుడివైపు మొక్క బాధ్యత నాకిచ్చారు. మూడో ఏడు దాని కింది మట్టలమీద పసుపు, నారింజ రంగు చుక్కలు వచ్చాయి. ఆగస్టు పదిహేను వస్తోంది, చూడ్డానికి బాగుండదని వంటగది కత్తి తెచ్చి పండిన మట్టలు కోసేశాను. నెల తిరగకుండా పై మట్టకు చుక్కలు వచ్చాయి. అదీ కోశాను. పచ్చబడుతుందని గుప్పెళ్ళతో యూరియా వేశాను. కంచాలు కడిగిన నీళ్ళన్నీ దాని పాదులోకే మళ్ళించాను. పాదు ఎప్పుడూ బురదగా ఉండేది. మరుసటి ఏడు మొవ్వు పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది.

అది పొటాషియం లోపమని డిగ్రీలో చదువుకునేటప్పుడు తెలిసింది. పొటాషియం మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి కదిలే పోషకం. నేలలో చాలనప్పుడు చెట్టు ముసలి మట్టల్లోంచి దాన్ని తీసుకుని కొత్త మట్టకు ఇస్తుంది. అందుకే చుక్కలు ముందుగా కింది మట్టలమీద కనిపిస్తాయి. ఆ మట్టను కోస్తే చెట్టు దాచుకున్న తిండిని లాగేసినట్టే. అప్పుడు అది పై మట్టలోంచి తీసుకుంటుంది. మొత్తం ఉండేవి నాలుగు నుంచి ఎనిమిది మట్టలే అని ముందు చెప్పాను కదా, రెండు కోస్తే ఎంత నష్టమో లెక్క వేయండి. నత్రజని ఎరువు ఎక్కువైతే ఈ లోపం ఇంకా ముదురుతుంది. నీళ్ళు నిలిస్తే వేర్లకు గాలి ఆడదు. నేను శ్రద్ధ లేక దాన్ని చంపలేదు. తెలియక, ఎక్కువ శ్రద్ధతో చంపాను.

పెంచే పద్ధతి

1. చోటు: రోజంతా ఎండ తగిలే చోటు మంచిది. మట్టలు చాపుకోవడానికి గోడకు ఏడెనిమిది అడుగుల దూరం ఉండాలి. చోటు లేనివాళ్ళు పెద్ద కుండీలో కూడా పెంచవచ్చు.

2. నేల: నీరు ఇంకే నేల కావాలి. రెండడుగుల గొయ్యి తీసి ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. నల్లరేగడి అయితే ఇసుక ఎక్కువ కలిపి, పాదు కొంచెం ఎత్తుగా చేయాలి.

3. నాటడం: సంచిలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటాలి. కాండాన్ని మట్టిలో పూడ్చకూడదు. మట్టిగడ్డ చెదరకుండా సంచిని చీల్చి తీయాలి.

4. నీరు: మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండు మూడుసార్లు నిండుగా పోయాలి. పైమట్టి ఆరాకే మళ్ళీ పోయాలి. సబ్బు నీళ్ళు పోయకూడదు.

5. ఎరువు: ఏడాదికి రెండుసార్లు పశువుల ఎరువు, దానితో కొద్దిగా పొటాష్ వేయాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళలో గుప్పెడు బూడిద పాదు చుట్టూ చల్లినా పొటాషియం అందుతుంది.

6. మట్టలు: పూర్తిగా ఎండి, చేత్తో లాగితే ఊడివచ్చే మట్టనే తీయాలి.

7. పురుగులు: కొబ్బరిని పట్టే కొమ్ము పురుగు ఇతర తాళజాతి చెట్లనూ వదలదు. దాని పిల్ల పురుగులు పేడకుప్పల్లో పెరుగుతాయి. కాబట్టి చెట్టు దగ్గర పెంటపోగు వేయకూడదు.

గింజ నుంచి మొక్క

మన చెట్టు ఇప్పుడు కాయలు కాస్తోంది. ఒకే గెలలో మగపూలు, ఆడపూలు రెండూ ఉంటాయి. బాగా పండి రాలిన కాయలను ఏరి, గుజ్జు తీసి కడిగి, గింజలను రెండు రోజులు నీళ్ళలో నానబెట్టండి. ఇసుక, కొబ్బరి పీచు పొట్టు సమానంగా కలిపిన సంచుల్లో గింజ మునిగేంత లోతున పెట్టి, వెచ్చని నీడలో తడి ఆరకుండా చూడండి. మొలకెత్తడానికి మూడు నెలలు పట్టవచ్చు, ఆరు నెలలు దాటవచ్చు. రాలేదని మధ్యలో తవ్వి చూడకండి. రెండు మూడు ఆకులు వచ్చాక పెద్ద సంచిలోకి మార్చండి. మన పల్లెల్లో వీధి మేకల సంగతి మీకు తెలుసు. నాటిన మొక్కకు కంప కట్టడం మరవకండి. రౌండ్ ఐలాండ్‌లో ఆ పని చేసేవాళ్ళు లేకనే అంత నష్టం జరిగింది.

మనం చేయవలసింది

ఈ చెట్టు చాలా నిదానంగా పెరుగుతుంది. పదేళ్ళ చెట్టు కూడా మనిషి ఎత్తు దగ్గరే ఉండవచ్చు. హాస్టల్‌లో మనం ఉండేది ఐదారేళ్ళు. గింజ పెట్టిన విద్యార్థి దాని కాయలు చూడకుండానే ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాడు. అందుకే ఒక ఏర్పాటు చెబుతాను. ఈ ఏడు ఆరో తరగతిలో చేరినవాళ్ళు తలా ఒక గింజ పెట్టండి. పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళే రోజున ఆ మొక్కను కొత్తగా వచ్చే తమ్ముడికి అప్పగించి, దానికి ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పి వెళ్ళండి. ఎడమవైపు చెట్టును నా తరువాత ఎంతమంది చూసుకున్నారో నాకు తెలియదు. వాళ్ళందరి వల్లే అది ఈ రోజు కాయలు కాస్తోంది.

కుడివైపు స్థలం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. మీరు పెంచిన మొదటి మొక్కను అక్కడ నాటండి. ఆ రోజు కబురు చేస్తే నేను కూడా వస్తాను. గొయ్యి నేనే తవ్వుతాను.

ఆలోచించి జవాబు రాయండి

1. వేపచెట్టు గాయం మానుతుంది, బాటిల్ పామ్ గాయం మానదు. ఎందుకు?

2. పొటాషియం లోపం ముందుగా ముసలి ఆకుల్లోనే ఎందుకు కనిపిస్తుంది?

3. రౌండ్ ఐలాండ్‌లో పెద్ద చెట్లు ఉండగానే జాతి ప్రమాదంలో ఎలా పడింది? మీ ఊరిలో పెద్ద చెట్లు ఉండి పిల్ల మొక్కలు కనిపించని జాతి ఏదైనా ఉందా? సెలవులకు వెళ్ళినప్పుడు చూసి రాయండి.