విల్లు ఇంటి దగ్గరే ఉంటుంది

మా జట్టు నలుగురం. ఒకరు తాండూరులో నాపరాయి పాలిషింగ్ యూనిట్ నడిపారు. ఒకరు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఒకరు ఇప్పటికీ కంది వేస్తున్న రైతు. నేను బడిపంతులుగా రిటైరయ్యాను. వయసు మళ్లాక నలుగురికీ వెదురు విల్లు మీద మనసు పోయింది. అడవికి వెళ్తాం, దుప్పులకు చాలా దగ్గరగా వెళ్తాం. ఇది విన్న కుర్రవాళ్లు ఫోన్లలో అమెరికా వీడియోలు చూసి వచ్చి, "సార్, ఒక్కసారి మమ్మల్ని గూడ వేటకు తీస్కపోండి" అని అడుగుతున్నారు. వాళ్లకు నోటితో చెబుతూ వచ్చినవే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల పిల్లలు చదివితే నాకు సంతోషం.

1. అడవికి వెళ్లేటప్పుడు విల్లు ఇంట్లో పెట్టి వెళ్లాలి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధాలు ఏవో చెప్పిన చోట తుపాకీ, కత్తి, వల, ఉచ్చులతో పాటు విల్లంబులను కూడా పేరు పెట్టి రాశారు. వేట అంటే చంపడం ఒక్కటే కాదని కూడా ఆ చట్టమే చెబుతుంది. తరమడం, ఎర వేయడం, పట్టబోవడం, చివరికి ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2006 అటవీ హక్కుల చట్టం. అడవినే నమ్ముకున్న చెంచులకు, కోయలకు, గోండులకు ఆ చట్టం భూమి మీద, తేనె మీద, తునికాకు మీద హక్కులిచ్చింది. వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. తరతరాలుగా విల్లు పట్టినవాళ్లే దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆదివారం బజారుకు పోయి మటన్ తెచ్చుకునే మనకు సరదా కోసం దుప్పి మీద బాణం ఎక్కుపెట్టే హక్కు ఎక్కడిది? నన్నడిగితే చట్టం లేకపోయినా ఆ పని తగదు.

2. బాణం మీద మోజు ఉంటే దానికి వేరే చోటుంది.

మన దేశంలో వెదురు విల్లుతో పోటీలు కూడా జరుగుతాయి. ఇండియన్ రౌండ్ అంటారు. 50, 30 మీటర్ల దూరాల నుంచి గురి పెట్టాలి. మేం అంత దూరం పోం. కంది కోతలయ్యాక మా రైతు మిత్రుడి చేనులో కందికట్టె మోపులు నిలువుగా కట్టి, వాటి ముందు గడ్డి బస్తా ఆనించి, ఇరవై అడుగుల నుంచి మొదలుపెడతాం. వెనక బాట గానీ, మేకలు తిరిగే గట్టు గానీ ఉండకూడదు. ఎడమ ముంజేతికి తోలుపట్టీ తప్పనిసరి, లేకపోతే నారి వచ్చి చెళ్లున కొట్టి చర్మం లేపుతుంది. లాగిన చెయ్యి ప్రతిసారీ ఒకేచోట, పెదవి మూలకు తగిలేలా ఆగాలి. అలా ఆగకుండా వేసిన బాణం తగిలినా దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

పని అయిపోగానే నారి దించండి. ఎక్కించిన నారితో విల్లును గోడకు తగిలిస్తే వెదురు ఆ వంపులోనే ఉండిపోయి బలం పోగొట్టుకుంటుంది.

3. విల్లు విద్యలో ముప్పాతిక భాగం దగ్గరికి చేరడమే.

దీనికి చిన్న లెక్క ఉంది. మామూలు వెదురు విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. దుప్పి ఇరవై మీటర్ల దూరంలో ఉంటే నారి చప్పుడు దాని చెవిన సెకనులో పదిహేడో వంతులో పడుతుంది. బాణం చేరడానికి సుమారు 0.4 సెకను కావాలి. ఆ మిగిలిన సమయం దుప్పికి చాలు, ముందుకాళ్లు వంచి ఒక్క దూకు దూకడానికి. అందుకే పాతకాలం విలుకాడు దూరం నుంచి వేసేవాడు కాదు. బాగా దగ్గరికి వెళ్లగలిగితేనే వేసేవాడు. తుపాకీ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, దాంతో ఆ విద్య కూడా పోయింది.

మాకు కావలసింది ఆ విద్య. పది అడుగుల దాకా వెళ్లడం నేర్చుకున్నాక బాణం వేయకపోతే పోయేదేమీ లేదు. పైగా ఆ దుప్పి రేపు కూడా అక్కడే ఉంటుంది.

4. గాలిని చూడకుండా అడుగు తీయొద్దు.

నల్లమలలో మన్ననూరు దాటి లోపలికి ఒక చెంచు పెంట (గూడెం) ఉంది. అక్కడి పెద్దాయన ఒకాయన మాకు గురువు. చిన్నప్పుడు తండ్రి వెంట విల్లు పట్టుకుని తిరిగిన మనిషి. ఆయన ఇంట్లో మూలకు ఆనించిన విల్లు ఇప్పటికీ ఉంది, పట్టు దగ్గర చేతి చెమటకు నల్లబడిపోయి. మేం మొదటిసారి వెళ్లినప్పుడు దుప్పి ఎట్లా కనబడుతుందని అడిగితే ఆయన మాతో ఒక్క అడుగు వేయించలేదు. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి గుడ్డలో మూట గట్టి, నా చేతిలో పెట్టి, "దులుపు బిడ్డా, అది యాడికి పోతే నీ వాసన ఆడికే పోతది" అన్నాడు. తలనూనె వాసన చూసి మా రైల్వే మిత్రుణ్ణి ఆ పొద్దు వెంట రానివ్వలేదు. ఆయన నొచ్చుకున్నాడు గానీ మర్నాడు నూనె లేకుండా తయారయ్యాడు.

దుప్పికి కన్ను, చెవి, ముక్కు మూడూ పనిచేస్తాయి. కంటిని మోసగించొచ్చు. ఎరుపు, నారింజ రంగులు దానికి సరిగా తెలియవు, కదలకపోతే మనిషి కూడా దానికి చెట్టు మొద్దుతో సమానమే. అడుగు నెమ్మదిగా వేస్తే చెవినీ తప్పించుకోవచ్చు. ముక్కును మోసగించే దారి మాత్రం లేదు, గాలికి ఎదురుగా పోవడం తప్ప.

అనంతగిరి లాంటి కొండల్లో గాలికి ఒక పద్ధతుంది. తెల్లారకముందు చల్లగాలి కొండ మీద నుంచి లోయలోకి జారుతుంది, కాబట్టి కింద నుంచి పైకి ఎక్కాలి. ఎండ పొడిచి రాయి వేడెక్కాక గాలి పైకి లేస్తుంది, అప్పుడు పై నుంచి కిందికి దిగాలి. మధ్యలో ఒక గంట గాలి ఎటూ తేలకుండా తిరుగుతూ ఉంటుంది. ఆ గంట కూర్చుని జొన్నరొట్టె తినడం మంచిది.

5. ముందు నేలను చదవాలి, తర్వాత చెట్టు వైపు చూడాలి.

వికారాబాద్ ఎర్రనేలలో వాన కురిసిన మర్నాడు జాడలు బాగా తెలుస్తాయి. దుప్పి గిట్ట రెండు చీలికలుగా, ముందువైపు కొస తేలి పడుతుంది. పరుగెత్తిన జాడలో చీలికలు విడిపోయి, వెనక మట్టి ఎగిరి ఉంటుంది. జాడ అంచు పదునుగా ఉంటే ఈ పొద్దుటిది. చీమలు తిరిగి అంచు కరిగిపోతే నిన్నటిది. పెంటికలు నిగనిగలాడుతూ తడిగా ఉంటే దుప్పి దగ్గరే ఉంది, గొంతు తగ్గించండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే చెట్ల కింద తెల్లవారుజామున వెతకండి. కొండముచ్చులు కొమ్మల మీద తింటూ ఆకులు, కాయలు రాలుస్తుంటే కింద దుప్పులు మేస్తుంటాయి. పైనున్నవి దూరం నుంచే చూసి అరుస్తాయి, కిందివి వాసన పసిగట్టి అరుస్తాయి. రెండూ కలిసి ఉన్న చోటికి చేరడం అన్నిటికంటే కష్టం. మేం ఎక్కువసార్లు ఓడిపోయి తిరిగొచ్చింది అక్కడే.

6. నలుగురికి మించి వద్దు.

అందరికంటే నెమ్మదిగా నడిచేవాడు ముందుండాలి. ముందున్నవాడు ఆగితే అందరూ ఆగాలి, ఎందుకని అడగకూడదు. బీడీ, సెంటు, ఫోన్ మోత, కరకరలాడే ప్యాకెట్లు వద్దు. సైగలు ఇంటి దగ్గరే కుదుర్చుకోవాలి. అరచేయి కిందికి అంటే కూర్చో, పిడికిలి అంటే కదలకు. మాటలన్నీ తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాట్లాడుకోవచ్చు. అటవీశాఖ వాళ్లకు ముందు చెప్పకుండా రిజర్వు ఫారెస్టులోకి దిగకండి. బీట్ ఆఫీసర్‌తో పరిచయం ఉంటే ఏ వాగు ఎండింది, ఏ చెలమలో నీళ్లున్నాయి అన్నీ ఆయనే చెబుతాడు.

7. దుప్పి కాలు కొడితే వెనక్కి రావాలి.

ఇది మా జట్టు కట్టుబాటు. ఒకసారి ఎండాకాలం పొద్దున మద్దిచెట్టు మొదలుకు ఆనుకుని కూర్చున్నాం. ఆడ దుప్పి ఒకటి వాగు దాటి, ఒక్కో అడుగు ఆలోచించి వేస్తూ మా దగ్గరికి వచ్చింది. దాని ముక్కు తడి, చెవి అంచున పట్టిన గోమారి, మెడ కింది తెల్లని వెంట్రుకలు, వీపు మీద చుక్కలు వరసలు కట్టిన తీరు, అన్నీ కనబడ్డాయి. మా ఊపిరి మాకే వినిపిస్తోంది. అప్పుడది ఆగి, మావైపు తల చాచి, ముందుకాలితో నేల మీద ఒక్కటి కొట్టింది. అనుమానం వచ్చిందన్నమాట. రెండోసారి కొడితే తోక పైకెత్తి కీచుమని అరుస్తుంది, అడవంతా ఖాళీ అవుతుంది. మేం చూపు పక్కకు తిప్పి, కళ్లలోకి చూడకుండా, అది మేతలో పడేదాకా ఆగి, వెనక్కి జరిగాం. దాని మేతకు అడ్డు పడకుండా తిరిగి రాగలిగిన రోజే మాకు గెలిచినట్టు.

పొదలో ఒంటరిగా ముడుచుకుని పడుకున్న పిల్ల కనబడితే తల్లి వదిలేసిందని ఎత్తుకు రావద్దు. తల్లే దాన్ని అక్కడ దాచి మేతకు పోతుంది. మనిషి వాసన తగిలించకుండా తప్పుకోండి.

8. ఇదే దుప్పి టెక్సస్‌లో వేటజంతువు.

మా రాయి మిత్రుడి కొడుకు అక్కడే ఉంటాడు. ఈ సంగతి అతను చెబితేనే విన్నాం. 1930లలో మన చుక్కల దుప్పిని అక్కడి పెద్ద పెద్ద కమతాల్లోకి తీసుకెళ్లి వదిలారు. అది పెరిగి పెరిగి అక్కడి గడ్డినీ స్థానిక జింకల మేతనూ ఆక్రమించింది. దాన్ని పరాయి జంతువుగా లెక్కేసి వేటాడతారు, విల్లుతో కూడా. అమెరికాలో నేటి విల్లువేటకు మూలమైన మనిషి ఇషి. కాలిఫోర్నియా యాహి తెగలో మిగిలిన చివరివాడు, 1911లో అడవి నుంచి బయటికొచ్చి 1916లో చనిపోయాడు. అతని దగ్గర విద్య నేర్చుకున్న వైద్యుడు సాక్స్‌టన్ పోప్ 1923లో విల్లువేట మీద పుస్తకం రాశాడు. తన జనమంతా పోయాక ఇషి తన విద్యను ఆ జనాన్ని తుడిచిపెట్టిన సమాజంలోని ఒకరికి నేర్పి వెళ్లాడు. ఆ చరిత్ర తలుచుకుంటే నాకు మన్ననూరు పెద్దాయన గుర్తొస్తాడు. ఆయన మనవళ్లకు ఈ విద్య నేర్చుకునే వీలు మనం ఉంచామా అని అనిపిస్తుంది.

అక్కడి లెక్క అక్కడిది. ఇక్కడ జింక 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర జంతువు, పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి రాష్ట్ర వృక్షం. టెక్సస్ వీడియో చూసి మా దామగుండం అడవిలో విల్లు పట్టే పిల్లవాడికి ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి.

9. దామగుండం గురించి ఒక మాట.

పూడూరు మండలంలో రామలింగేశ్వరస్వామి గుడి చుట్టూ ఉన్న ఆ అడవిలో నౌకాదళం జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రం కడుతోంది. తమిళనాడు తిరునెల్వేలి దగ్గర ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో అలాంటిది ఇదే రెండోది. అడవిలో 2,900 ఎకరాలకు పైగా దీనికి పోయింది. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దేశానికి రక్షణ వద్దని నేననను. ఆ అడవిలో తిరిగినవాడిగా అడిగేది ఒక్కటే. దుప్పులు కంచె దాటి ఎటు పోవాలో, ఏ వాగు వెంట నీళ్లకు దిగాలో ఆ దారి వదిలారా? మూసీ పుట్టేది కూడా ఈ అనంతగిరి కొండల్లోనే.

10. ఉచ్చు, కరెంటు తీగ.

ఈ రోజుల్లో మా ప్రాంతంలో జింకను చంపేది విల్లు కాదు. బైకు క్లచ్ వైరుతో కట్టిన ఉచ్చు, చేను చుట్టూ లాగి మెయిన్ లైనుకు తగిలించిన తీగ, వీధికుక్కలు, గోడ కట్టని బావి. విలుకాడు తన ఎదుట ఉన్న జంతువును చూస్తాడు, వేయాలా వద్దా అని తనే నిర్ణయిస్తాడు. తీగ ఎవరినీ చూడదు. పందికని పెడితే దుప్పి పడుతుంది, పక్క చేనుకు నీళ్లు పెట్టడానికి చీకట్లో వచ్చిన మనిషి పడతాడు.

రైతును తిట్టి లాభం లేదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వెనక రాత్రంతా మంచె మీద డబ్బా మోగిస్తూ నిద్ర కాచిన కుటుంబాలున్నాయి. నారాయణపేట వైపు కృష్ణజింకలు మందలుగా వచ్చి మొలకలు మేసిపోతుంటే అక్కడి రైతు పడే బాధ నేను కళ్లారా చూశాను. మేం అడవి అంచున ఉచ్చు కనబడితే తీసి బీట్ ఆఫీసర్‌కు ఇస్తాం. తీగ కనబడితే ముట్టుకోకుండా కరెంటు వాళ్లకు ఫోన్ చేస్తాం. ఆ తర్వాత చేను యజమాని దగ్గరికి మా రైతు మిత్రుణ్ణే ముందు పంపుతాం, ఎందుకంటే ఆయన మాట వింటారు. పంట నష్టానికి అటవీశాఖ పరిహారం ఉందని, ఎవరికి అర్జీ పెట్టాలో, ఏ ఫొటోలు జత చేయాలో ఆయన కూర్చోబెట్టి చెబుతాడు. రాయడం రానివాళ్లకు అర్జీలు నేను రాసిపెడతాను. ఆ డబ్బు ఆలస్యం లేకుండా, పోయిన పంటకు సరిపడేలా చేతికందితే చాలా తీగలు వాటంతటవే చేలల్లోంచి లేచిపోతాయి.