కీళ్లవాతము - గుండెకు గల ముప్పు

కీళ్ల నొప్పి యనగానే “వయస్సు మీద పడినది, వాతము చేసినది” అని సరిపెట్టుకొనుట మన యిండ్లలో పరిపాటి. కాని కీళ్ల నొప్పులన్నియు నొక్కటి కావు. కీళ్లతో నాగక గుండెవరకు పోవు వ్యాధియు వానిలో నొకటి కలదు. పాశ్చాత్య వైద్యులు దానిని రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అందురు, మనవారు కీళ్లవాతమందురు. ఆ వ్యాధికిని గుండెపోటునకును గల సంబంధమును విద్యార్థులకు తెలియునట్లు వివరించుటయే మా యుద్దేశము.

మొదట వ్యాధి స్వరూపమును తెలిసికొందము. వృద్ధాప్యమున మోకాళ్లు అరుగుట వేరు, ఇది వేరు. అరుగుదల వలని నొప్పి నడచినకొలది హెచ్చి, విశ్రమించినచో తగ్గును. కీళ్లవాతమో, రాత్రి విశ్రమించిన పిదపనే ఉదయమున మిక్కిలి బాధించును. వ్రేళ్ల కణుపులు, మణికట్లు, పాదముల చిన్న కీళ్లు రెండు ప్రక్కలను వాచును. నిద్ర లేచిన పిదప గంటసేపు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, చేతులు బిగిసియుండును. తడిబట్ట పిండుట, డబ్బామూత త్రిప్పుట, ముగ్గుపిండి వ్రేళ్ల నడుమ పట్టుట కష్టమగును. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. 30 మొదలు 60 ఏండ్ల నడుమ ఆరంభమగుట సామాన్యము. కావున ఇది అవ్వల వ్యాధి మాత్రమే కాదు, అమ్మల వ్యాధి కూడ.

1800లో ప్యారిస్ నగరమున లాండ్రే-బోవే అను వైద్యుడు తన సిద్ధాంతవ్యాసమున దీనిని వర్ణించెను. 1859లో ఆల్ఫ్రెడ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు దీనికి నేటి పేరు పెట్టెను. ఇది కీళ్లకు మాత్రమే సంబంధించినదని చిరకాలము తలంపబడెను. నేటి శాస్త్రజ్ఞానము వేరు మాట చెప్పుచున్నది.

మన శరీరమున రోగక్రిములను ఎదుర్కొను రక్షణసైన్యమొకటి కలదు. కీళ్లవాతమున ఆ సైన్యము తనవారిని పరులని భ్రమించి, కీళ్లలోని పలుచని పొరపై దాడి సలుపును. అందుచే పొర వాచి, కాలక్రమమున ఎముకను తినివేయును. ఆ సమయమున టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు రసాయన పదార్థములు పుట్టి రక్తములో కలియును. రక్తము ఒక్క కీలునకే పరిమితమైనది కాదు గదా! అవి దేహమంతట సంచరించి ధమనుల లోపలి పొరను కూడ తాపమునకు గురిచేయును. అట్లు చెడిన చోట క్రొవ్వు చేరి గడ్డకట్టును. ఒకనాడు ఆ గడ్డ పగిలి, దానిపై రక్తము పేరుకొని, గుండెకు పోవు దారి మూసికొనిపోవును. అదియే గుండెపోటు.

పెక్కు పరిశీలనలను జోడించి 2008లో ప్రకటించిన లెక్కను బట్టి, హృద్రోగములచేతను రక్తనాళముల వ్యాధులచేతను మరణించు ప్రమాదము ఈ రోగులకు ఇతరులకంటె సుమారు నూటికి 50 వంతులు ఎక్కువ. అనగా ఇతరులలో ఇద్దరు పోవుచోట వీరిలో మువ్వురు పోవుదురు.

ఈ ముప్పు మరుగున నుండుటకు కారణములు కలవు. కీళ్లు పట్టిన వారు వడిగా నడవరు, మెట్లెక్కరు. కావున శ్రమపడినప్పుడు కనబడవలసిన ఆయాసము, రొమ్ముబరువు కనబడకయే పోవచ్చును. వాపు తీవ్రముగా నున్నప్పుడు రక్తములోని కొలెస్ట్రాల్ తగ్గియుండుటయు కలదు. ఆ అంకెను చూచి ధైర్యపడరాదు. నొప్పి తగ్గించు మాత్రలలో పెక్కు గుండెకు హాని చేయగలవు. అట్టివానిలో వయాక్స్ అను మందును, గుండెపోటులు హెచ్చుచున్నవని తేలుటచే, 2004లో లోకమంతట విపణినుండి తొలగించిరి. స్టెరాయిడ్ మందులు చిరకాలము వాడినచో రక్తపుపోటును, మధుమేహమును పెంచవచ్చును. అట్లని వానిని హఠాత్తుగా మానుటయు అపాయకరమే. వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించుకొనవలెను.

ఇక చికిత్స. నేడు ఈ వ్యాధికి మొదట ఇచ్చు ముఖ్యౌషధము మెథోట్రెక్సేట్. దీని చరిత్రలో మనకు గర్వకారణమైన పేరొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు వెడలిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, లెడర్లీ పరిశోధనాలయమువారు ఫోలిక్ ఆమ్లమును, దానికి ప్రతికూలముగా పనిచేయు మందులను తయారుచేసిరి. మెథోట్రెక్సేట్ వానిలో నొకటి. ఆయన 1948లో దివంగతులైరి. కీళ్లవాతమున దీనిని వాడుటకు అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతించెను. ఈ మందు పుచ్చుకొనువారిలో హృద్రోగ మరణములు తక్కువగా నున్నట్లు 2002లో ప్రకటితమైన యొక పరిశీలన తెలిపెను. వాపును అణచినచో గుండెకును మేలు కలుగునను మాటకు ఇది బలము చేకూర్చుచున్నది. అయితే దీనిని వారమునకు ఒక్కమారే పుచ్చుకొనవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఇంట చీటి చదువగలిగిన పిల్లలు ఈ విషయమును మరువరాదు.

విద్యార్థులు చేయదగిన పని మరియొకటి కలదు. మన పెద్దలు పరభాషాప్రాంతమున ఎంతకాలము నివసించినను, బాధను చెప్పుకొనునది తెలుగుననే. సలుపు, పోటు, తీపు, బిగువు అను మాటలకు వేరువేరు అర్థములు కలవు. వైద్యునియొద్ద అన్నిటికి “నొప్పి” యను ఒక్క మాటయే చెప్పినచో రోగము సగము మరుగుపడును. కావున అమ్మకుగాని నాయనమ్మకుగాని ఉదయమున ఎంతసేపు చేతులు బిగిసియున్నవో, ఏ కణుపులు వాచినవో, రొమ్ములో అదిమినట్లున్నదో లేదో తెలుగున అడిగి తెలిసికొని, వైద్యునికి స్థానికభాషలో విడమరచి చెప్పుడు. రక్తపుపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షింపుమని కోరుడు. పొగత్రాగుట ఈ వ్యాధిని కలిగించుటకును, గుండెను చెరచుటకును తోడ్పడునని యింటివారికి తెలుపుడు.

రొమ్ము అదిమినట్లుండి, చెమట పోసి, ఎడమచేతికిగాని దవడకుగాని బాధ ప్రాకినచో, “వాతమే” యని తైలము రాచుచు కాలము గడపరాదు. తక్షణమే వైద్యశాలకు కొనిపోవలెను. వాచిన వ్రేళ్లు కంటికి కనబడును, గుండె కనబడదు. వ్రేళ్లను చూచినప్పుడెల్ల గుండెను గూర్చియు విచారించుట మన విధి.