కళాజీవికి తాత్కాలిక కాయకము

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో పలువురు వచనకర్తలు. వారే చేతిపనులవారును. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేనెను. మేదర కేతయ్య వెదురుబుట్టలల్లెను. పడవకూలి చౌడయ్య వచనమునకు మచ్చ తేలేదు. వచనకర్త యగుటచే ఆయన తెడ్డు విడువలేదు. ఏ ఉద్యోగమునందును నిలుకడగా లేక, కళనే నమ్ముకొని స్వతంత్రముగా జీవించు నేటివారికి ఈ విషయము మిక్కిలి ఆలోచింపదగినది.

కొరత ఎక్కడ?

చిత్రకారుడు, అనువాదకుడు, ఛాయాగ్రాహకుడు, నాదస్వర విద్వాంసుడు, రంగస్థల నటుడు – వీరికి నెలజీతము లేదు. పని దొరకిన నెల పండుగ. దొరకని నెల ఉపవాసము. ఆషాఢమునను, మూఢములందును పెండ్లిండ్లు ఉండవు గనుక ఛాయాగ్రాహకునికిని, నాదస్వర విద్వాంసునికిని రాబడి సన్నగిల్లును. అద్దె, బడి రుసుము, పాలఖర్చు మాత్రము ముహూర్తము చూచి రావు. ఇట్టి సమయమున పలువురు వడ్డీకి అప్పు తెత్తురే గాని, కొన్నాళ్లు వేరొక పని చేయుటకు సిగ్గుపడుదురు. “ఇంత విద్య నేర్చి దుకాణమున నిలుచుండునా?” అను బంధువుల మాటయే ఆ సిగ్గునకు మూలము.

ఏజెన్సీ పని తీరు

కొద్దికాలపు పనికి మనుష్యులను కుదిర్చి పంపు సంస్థలను తాత్కాలిక ఉద్యోగముల ఏజెన్సీలందురు. 1948లో అమెరికాలోని మిల్వాకీ నగరమున ఇద్దరు న్యాయవాదులు తమకు అత్యవసరముగా టైపిస్టు కావలసివచ్చిన అనుభవముతో స్థాపించిన ‘మ్యాన్‌పవర్’ సంస్థ ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. ఇందు పక్షములు మూడు: పనివాడు, ఏజెన్సీ, పని చేయించుకొను కార్యాలయము. సాధారణముగా పనివాని పేరు ఏజెన్సీ పట్టీలో నుండును, జీతమిచ్చునది ఏజెన్సీ, పని చెప్పునది కార్యాలయము. ఏజెన్సీ తన లాభమును కార్యాలయమునుండి పొందును.

కళాజీవికి పని లేని కాలమే కొన్నిచోట్ల పని పెరుగు కాలము. ఆషాఢపు తగ్గింపు అమ్మకములలో బట్టల దుకాణములకు అదనపు సిబ్బంది కావలెను. దసరా, దీపావళులకు ముందు సరకులను ఇండ్లకు పంపు పెద్ద సంస్థల గిడ్డంగులు ఏజెన్సీల ద్వారా మనుష్యులను తీసికొనును. హైదరాబాదు నాంపల్లిలో జనవరి మాసమున ఆరంభమగు నుమాయిష్ అంగళ్లకును కొద్దివారములకు సహాయకులు కావలసియుందురు.

సంతకమునకు ముందు

మొదటిది, రుసుము. పని చూపుటకు ముందే పనివానినుండి డబ్బు అడుగు ఏజెన్సీని నమ్మరాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక, ప్రైవేటు ఏజెన్సీలు పనివానివద్ద రుసుము పుచ్చుకొనరాదను సూత్రమును చెప్పినది.

రెండవది, భవిష్యనిధి. ఆ పథకము వర్తించుచోట జీతమునుండి సాధారణముగా 12 శాతము కోత పడును. యజమానియు తన వంతు చెల్లింపవలెను. ఏజెన్సీలు ఎన్ని మారినను పనివాని సార్వత్రిక ఖాతా సంఖ్య ఒక్కటియే ఉండవలెను. ప్రతిచోట క్రొత్త సంఖ్య తీసికొన్నచో సొమ్ము చెల్లాచెదరగును.

మూడవది, కళాజీవికి అన్నిటికంటె ముఖ్యమైనది, రచనాహక్కు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, స్వతంత్రముగా అనువదించిన గ్రంథమునందలి అనువాద హక్కు, లిఖితపూర్వకముగా ఇతరులకు వ్రాసి ఇచ్చిననే తప్ప, అనువాదకునిదే. ఉద్యోగిగా తన విధిలో భాగముగా చేసిన అనువాదమునకైతే, వేరు ఒప్పందము లేనప్పుడు, మొదటి హక్కుదారు యజమాని. కావున మూడు నెలలు ఒక ప్రకటనల కార్యాలయమునకు వెళ్లు అనువాదకుడు, “ఈ కాలమున రచించినదంతయు సంస్థకే చెందును” అను వాక్యము పత్రమున గలదేమో వెదకవలెను. ఉన్నచో, “విధినిర్వహణలో చేసినది మాత్రమే” అని మార్పించుకొనవలెను. లేనిచో రాత్రి ఇంటివద్ద దీపము ముందు వ్రాసికొన్న నవలకును పేచీ రావచ్చును. హక్కు లేని పాకింగు పనికో, అమ్మకపు పనికో పోవుట ఇందుచే ఒక్కొక్కప్పుడు మేలు.

పని, మితి

ఆయ్దక్కి మారయ్య క్రింద రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి జంగమ దాసోహము చేయుచుండెను. ఒకనాడు కావలసినదానికంటె ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ వానిని మరల అక్కడనే పోసి రమ్మన్నది. తాత్కాలిక పనికి ఇంతకంటె మంచి కొలత లేదు.

ఒక కుటుంబ వ్యయము నెలకు 24,000 రూపాయలనియు, కళవలన సగటున వచ్చునది 17,000 అనియు అనుకొందము. కొరత 7,000. దినమునకు 700 చొప్పున పది దినములు చాలునని తోచును. కాని జీతమంతటిపైన 12 శాతము కోత పడినచో చేతికి 6,160 మాత్రమే వచ్చును. పండ్రెండు దినములైనచో 8,400లో 1,008 పోగా 7,392 మిగులును. బస్సు ఖర్చును గూడ కలిపి లెక్కింపవలెను. ఆ లెక్క తేలిన పిదప మిగిలిన దినములు కళవి. “ఇంకొక వారము, ఇంకొక వారము” అని పొడిగించుకొనుచు పోయినచో రాగము మరచిన వ్రేళ్లు, గీత తప్పిన కుంచె మిగులును.

అమెరికా సంగీతకర్త ఫిలిప్ గ్లాస్ కూర్చిన సంగీత నాటకము 1976లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ ఒపేరా భవనమున ప్రదర్శింపబడిన తరువాతకూడ ఆయన టాక్సీ నడుపుచుండెను. గాంధీమహాత్ముని దక్షిణాఫ్రికా జీవితముపై ‘సత్యాగ్రహ’ అను నాటకము కూర్చుటకు పిలుపు వచ్చిన పిమ్మటనే, నలువది యేండ్లు దాటిన వయస్సున, కళతోనే జీవింపగలిగెను. ఇట్టివానిని ఇంటివారు ఓడిపోయినవానిగా చూడరాదు. బరువు మోసి ఇల్లు చేరినవానికి ఒక గంట నిశ్శబ్దము, ఒక మూల దీపము ఇచ్చుట ఇంటివారు చేయు కాయకము.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. ఇంటియందలి కళాజీవికి నెలకు నిజముగా కొరత యెంత? దానికెన్ని దినముల పని చాలును?
2. ఒప్పంద పత్రమున యజమాని యెవరు? రచనాహక్కు ఎవరిదని వ్రాయబడినది?
3. లక్కమ్మ తిరిగి పోయించిన గింజలకు మన ఇండ్లలో సరిపోలునది ఏది?